మూడు లెక్కపెట్టేలోపు

ఎడమవైపు మలుపు వచ్చినప్పుడు సాంసన్ ఏమీ అడగడు. ముందున్న లారీ వెనుక కారును కొంచెం ఎడమ అంచుకు జరుపుతాడు. పక్క సీట్లో ఉన్న ఎస్తేరు అద్దానికి తల ఆనించి, లారీకీ రోడ్డు పక్క చెట్లకూ మధ్య కనబడే రోడ్డును చూస్తుంది. మలుపులో డ్రైవరుకు కనబడనిది ఆమెకు కనబడుతుంది. ఖాళీగా ఉంటే "పో" అంటుంది. లేకపోతే ఏమీ అనదు. "ఆగు" అనే మాట వాళ్లిద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. ఆమె మాట్లాడలేదంటే ఆగమనే అర్థం.

ఇది కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి కాదు. రెండేళ్ల కింద జరిగిన బదిలీల్లో ఎస్తేరును భూపాలపల్లి నుంచి మహబూబాబాద్ దవాఖానకు వేశారు. ఆమె స్టాఫ్ నర్సు. సాంసన్ భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి మోసే డంపర్ నడుపుతాడు. ఇల్లు, అత్త మార్తమ్మ, ఎదురుగా చర్చి, అన్నీ భూపాలపల్లిలోనే. వారమంతా ఎస్తేరు మహబూబాబాద్‌లో తోటి నర్సు రాజీ వాళ్లింట్లో ఒక గదిలో ఉంటుంది. శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి వస్తుంది. సోమవారం పొద్దున సాంసన్ కారులో దింపి, మధ్యాహ్నం మూడింటి షిఫ్టుకు తిరిగి గనికి చేరుకుంటాడు. నూట పది కిలోమీటర్ల దూరం. సగం దూరం ఇసుక లారీలు, మిగతా సగం గ్రానైట్ బండలు మోసే లారీలు. తొమ్మిదింటికి ఆమె ఫోన్ ముందు ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. రాత్రి డ్యూటీ చేసిన రాజీ ఆమె వచ్చి వార్డు అందుకునేదాకా కదలడానికి లేదు.

కారు సాంసన్ ముచ్చట. హనుమకొండలో ఒక డాక్టరు ఎనిమిదేళ్లు నడిపి అమ్మిన బూడిద రంగు పెట్రోలు కారు. చూడటానికి పెళ్లిళ్లకు కిరాయికి తిరిగే కారులా సాదాగా ఉంటుంది. తొక్కితే మాత్రం వీపు సీటుకు అతుక్కుపోతుంది. ఆ గుంజుడంతా ఇంజనుకు అదనంగా గాలి ఊదే టర్బోది. మొదట్లో ఎస్తేరు భయపడింది. తరువాత తరువాత ఆ గుంజుడు ఆమె ఒంటికే అలవాటైపోయింది. "పో" అన్నాక వీపుకు ఎంతసేపట్లో తగులుతుందో, లారీ పక్కనుంచి ఎంతసేపట్లో బయటపడతామో ఆమెకు లెక్క తెలుసు. ఎంత రోడ్డు ఖాళీగా కనబడితే "పో" అనాలో ఆ లెక్క మీదే చెప్పేది.

డిసెంబరులో ఆ టర్బో పాడైంది. నర్సంపేట దాటాక కుక్కర్ విజిల్ లాంటి చప్పుడు మొదలై, వెనుక నీలం పొగ వచ్చింది.

క్రిస్మస్ మరునాడు ఆమెకు సెలవు. ఇద్దరూ కారును నెమ్మదిగా జనగామకు తీసుకుపోయారు. అక్కడ బైపాస్ రోడ్డు మీద సాయిలు షెడ్డు. పన్నెండేళ్లు హైదరాబాద్‌లో ఇలాంటి కార్ల పనే చేసి, సొంతూరైన లింగాల ఘనపూర్‌కు దగ్గరగా ఉంటుందని ఇక్కడ పెట్టుకున్నాడు. ఒక్కడే పని చేస్తాడు. సాంసన్‌కు ఫోన్‌లో ఇలాంటి కార్లవాళ్ల గ్రూపు ద్వారా పరిచయం.

సాయిలు పాత టర్బోను విప్పి, లోపలి చక్రాన్ని వేలితో కదిలించి చూపించాడు. చక్రం అటూ ఇటూ ఊగింది.

"అయిపోయిందన్నా ఇది. కొత్తది పెట్టుకోవుడే" అని, యూరియా సంచి పరిచిన బల్ల మీద రెండు టర్బోలు తెచ్చి పెట్టాడు. ఒకటి కొబ్బరికాయంత ఉంది. రెండోది నలుగురికి అన్నం వండే గిన్నెంత.

"గీ చిన్నది నీ కారుదే అనుకో. లోపల చక్రం జర పెద్దగ జేసిన, అంతే. బోల్టులు గూడ అవ్వే పడ్తయ్. పాతదానికంటె మంచిగనే గుంజుతది. గిదేమో నా సొంత కారుకుండె. దీనికి జర పని పడ్తది, పైపులు మార్చాలె, పెట్రోలు ఎక్కువ పోయేటట్టు చెయ్యాలె. గానీ పెట్టినంక అన్నా... నీ కారుకు ఇప్పుడున్న బలం ఉన్నది సూడు, దాని మీద ఇంకో కారు బలం కలిసినట్టు."

"మరి నీ కారుకు ఎందుకు తీసేసినవ్?" అడిగింది ఎస్తేరు.

సాయిలు తల గోక్కున్నాడు. "మా ఆమె ఎక్కుత లేదు అక్కా."

సాంసన్ నవ్వాడు. నవ్వుతూనే పెద్ద టర్బోను రెండు చేతులతో పైకెత్తి, నోటి దగ్గర పెట్టుకుని లోపలికి ఊదాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. అది తిరగడం ఆగేదాకా అతను దాన్ని కింద పెట్టలేదు. ఎస్తేరు ఆ చేతులను చూసింది. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న వాళ్ల బిడ్డను పుట్టిన రోజున కూడా అతను ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదనిపించింది.

"తొక్కినంక ఎన్ని సెకండ్లకు గుంజుతది?" అని అడిగింది.

"ఏంది అక్కా?"

"సెకండ్లు. మూడో గేర్ల యాభై మీద పోతున్నం. ముందట లారీ ఉన్నది. ఈయన తొక్కిండు. ఎన్ని సెకండ్లకు గుంజుతది?"

సాయిలు చేతులు తుడుచుకుంటూ ఆమెను కొత్తగా చూశాడు. "గీ సంగతి ఎవ్వలడగరు అక్కా. వచ్చినోళ్లంత బలం ఎంతొస్తదనే అడుగుతరు." చిన్నదాని చక్రాన్ని వేలితో తిప్పుతూ చెప్పాడు. "ఇంజన్ల నుంచి వచ్చే పొగ గీ చక్రాన్ని తిప్పుతది. చక్రం తిరిగితెనే గాలి లోపలికి వోతది, గాలి వోతెనే బలం. చిన్న చక్రం జల్ది తిరుగుతది. పెద్దదానికి పొగ సాలదు, అందుకోవాలె. నువ్వు చెప్పినట్టు మూడో గేర్ల అయితె చిన్నది ఒకటి అనేలోపు. పెద్దది రెండున్నర, మూడు. రెండో గేరుకు దించి ఇంజన్ ముందుగాలనే గర్జింపజేస్తె అంత ఆలస్యం గాదు. గానీ ప్రతిసారి గుర్తువెట్టుకొని దించాలె."

"పాతది?"

"మంచిగున్నప్పుడు ఒకటి, ఒకటింబావు."

ఎస్తేరు చేతికి సెకండ్ల ముల్లు ఉన్న గడియారం ఉంటుంది. నాడి చూడటానికి. ఆమె దాన్ని చూస్తూ ఒకటి, రెండు, మూడు అనుకుంది. చెప్పుకోవడానికి మూడు సెకండ్లు ఏమీ కావు. కాని కాన్పు గదిలో బయటపడ్డ బిడ్డ మూడు సెకండ్లు ఏడవకపోతే గదిలో అందరి చేతులూ ఆగిపోతాయి. ఆ మూడు సెకండ్లు ఎంతుంటాయో ఆమెకు తెలుసు.

షెడ్డు బయట చాయ్ బండి దగ్గర సాంసన్ గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఇరవై రెండేండ్ల సంది డంపర్ నడుపుతున్ననే. ఎనిమిది గంటలు గదే రోడ్డు, గదే దుమ్ము, ఇరవై మీద ముల్లు దాటొద్దు. దాటితె సైరన్ కొడతది. నాకు గూడ ఒక్క సరదా కావద్దా?"

"కావాలె. వద్దంటలేను."

"మరి?"

"ముందు సీట్ల కూసునేది నేను. నేను పో అంటనే నువ్వు పోతవు. పెద్దది పెట్టిస్తె నేను పో అనను. నువ్వే సూసుకో, నువ్వే పో."

సాంసన్ గ్లాసు అడుగున మిగిలిన చాయ్‌ని గుండ్రంగా తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. తరువాత లేచి లోపలికి పోయి, ఆమెకు వినబడేటట్టే అన్నాడు: "చిన్నదే పెట్టు సాయిలూ."

కారును అక్కడే వదిలి ఎస్తేరు తొర్రూరు మీదుగా మహబూబాబాద్ బస్సెక్కింది. బస్సు కిటికీలోంచి చూస్తే సాంసన్ ఆమె వైపు చెయ్యి ఊపి, మళ్లీ షెడ్డు లోపలికే పోతున్నాడు. భూపాలపల్లికి పోయే బస్సు రోడ్డుకు అటువైపు ఆగుతుంది.

*

తొమ్మిది రోజులకు, కొత్త సంవత్సరం మొదటి ఆదివారం, సాంసన్ ఆరాధన కాగానే జనగామకు పోయి సాయంత్రానికి కారు తెచ్చాడు. గేటు ముందు ఆగిన కారు చప్పుడు విని మార్తమ్మ అరుగు మీదినుంచి అడిగింది.

"ఏందిరా గిది, పొయ్యి ఊదినట్టు గొడ్తున్నది?"

"కొత్తది గదనే అవ్వా. గట్లనే ఉంటది."

ఎస్తేరు వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. సాంసన్ ఇంజను ఆపి, తాళం వేసి, ఆమె పక్కనుంచి నేరుగా కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. అన్నం తొందర తొందరగా తిన్నాడు. అతనికి ఇష్టమైన గోంగూర మాంసం అది. బాగుందని గాని ఉప్పు తక్కువైందని గాని అనలేదు.

"చిన్నదేనా?" అని అడిగింది, పళ్లెంలో ఇంకో గరిటె వేస్తూ.

"మరింకేంది?"

అవునని చెప్పలేదన్న సంగతి ఆమెకు గిన్నెలు కడుగుతున్నప్పుడు తట్టింది. కాని మరునాటికి చీరలు, మందులు, రాజీ తెమ్మన్న పచ్చడి సర్దుకోవాలి. అవునని చెప్పనంత మాత్రాన కారు తాళం అడిగి, లైటు పట్టుకుని బానెట్ తెరిచి చూసే భార్య ఎక్కడ ఉంటుంది? అయినా సాయిలుతో తన ముందే చెప్పాడు కదా.

సోమవారం ఆరింటికి బయలుదేరారు. ములుగు దాకా మంచు. ముందు బండ్లు తక్కువ. ఒకటి రెండు ఆటోలను, ఒక పాల వ్యానును సాంసన్ తనే చూసుకుని దాటాడు. తిన్నని రోడ్డు. ఆమె అవసరం పడలేదు.

కాని ఆమె ఒంటికి తేడా తెలిసింది. దాటడానికి ముందు అతను గేరు దించుతున్నాడు. ఇంతకు ముందెన్నడూ దించేవాడు కాదు. దించాక ఇంజను గొంతెత్తి అరుస్తుంది, ఆ తరువాత బండి దూకుతుంది. ఆ దూకుడు కూడా పాతదాని లాగా లేదు. ఎవరో వెనుకనుంచి రెండు చేతులతో నెట్టినట్టుంది. పాల వ్యానును దాటినప్పుడు ఆమె ఒళ్లోని సంచి సీటుకూ తలుపుకూ మధ్య పడిపోయింది. పచ్చడి డబ్బా మూత ఊడలేదు, నయం.

"చిన్నదానికి గింత గుంజుడు ఎక్కడిది?"

"సాయిలు ట్యూనింగ్ చేసిండు గద. ఆని చెయ్యి గట్లుంటది" అన్నాడు సాంసన్. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. కాని పెదవి చివర నవ్వు ఆగడం లేదు. ఆ ముఖం మీద అలాంటి నవ్వు ఆమె చూసి ఎన్నాళ్లయిందో. ఆ నవ్వును చూసి ఆమె ఇంకో ప్రశ్న అడగలేదు.

మల్లంపల్లి దాటాక ఇసుక లారీ అడ్డం వచ్చింది. తడి ఇసుక. వెనుక తలుపు సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. నలభై ఐదు, యాభై మీద పోతోంది. ఎదురుగా పత్తి ట్రాక్టర్లు ఒకటి తరువాత ఒకటి వస్తున్నాయి. పది నిమిషాలు దాని వెనుకే పోయారు. గంట పావు తక్కువ ఎనిమిది దాటింది. రాజీ ఫోన్ చేసింది.

"అక్కా, యాడికొచ్చినవ్? పిల్లగానికి జరం ఉన్నది, నేను జల్ది పోవాలె."

"వస్తున్న రాజీ. నర్సంపేట దగ్గర వడ్డం."

సాంసన్ ఆ మాటలు విన్నాడు. ముందు టేకు చెట్ల వరస, దాని పక్కనుంచి ఎడమ మలుపు. ఇద్దరికీ తెలిసిన మలుపు. అతను కారును ఎడమకు జరిపాడు. ఎస్తేరు అద్దానికి తల ఆనించింది.

లారీ పక్కనుంచి రోడ్డు తెరుచుకుంది. చెట్లు, తరువాత ఒక కరెంటు స్తంభం, ఆ తరువాత రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గరి తెల్ల దిమ్మెలు. దిమ్మెల అవతల రోడ్డు పల్లంలోకి దిగుతుంది, కనబడదు. దిమ్మెల దాకా ఖాళీ. ఈ మలుపులో దిమ్మెల దాకా ఖాళీ ఉంటే సరిపోతుందని రెండేళ్ల అనుభవం.

"పో."

అతను స్టీరింగ్ కుడికి తిప్పి తొక్కాడు.

ఆమె కిటికీ పక్కకు లారీ వెనుక చక్రం వచ్చింది. ఆమె నడుము, వీపు, మెడ ఆ గుంజుడు కోసం సిద్ధమై ఉన్నాయి. రాలేదు.

ఒకటి.

చక్రం అక్కడే ఉంది. దాని బోల్టులు తిరుగుతూ కనబడుతున్నాయి. ఇసుక నీళ్లు అద్దం మీద చింది కారాయి. కారు పోతోంది గాని లారీతో సమానంగానే పోతోంది.

రెండు.

అదే చక్రం. తల తిప్పి ముందుకు చూసింది. మోరీ దిమ్మెల మధ్యలోంచి ఎర్ర బస్సు నెత్తి పైకి వస్తోంది. తరువాత దాని అద్దం, తరువాత డ్రైవరు.

మూడు.

ఈల. సన్నగా మొదలై చెవులు పగిలేలా. ఆమె తల వెనక్కి కొట్టుకుంది. ముందు చక్రాలు రోడ్డు మీద పట్టు దొరక్క గీరుకున్నాయి, స్టీరింగ్ సాంసన్ చేతుల్లో కొట్టుకుంది. బస్సు లైట్లు వెలిగాయి, ఆరాయి, వెలిగాయి. హారన్ ఆగకుండా వస్తోంది. పక్కన లారీ గాలి బ్రేకులు బుసకొట్టాయి. బస్సు ఎడమ చక్రాలు మట్టిలోకి దిగి ఎర్రటి దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి కారు లారీ ముందుకు దూరింది. బస్సు అద్దాల్లో నిలబడ్డ మనుషులు ఒకరి మీద ఒకరు ఒరగడం ఎస్తేరు చూసింది.

బస్సు ఆగలేదు. మళ్లీ రోడ్డెక్కి పోయింది.

సాంసన్ ఒక ఫర్లాంగు పోయి, రోడ్డు పక్కకు దించి ఆపాడు. చేతులు స్టీరింగ్ మీదినుంచి తీయలేదు. వెనుకనుంచి ఇసుక లారీ వచ్చి వాళ్ల ముందే ఆగింది. డ్రైవరు తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు. యాభై దాటిన మనిషి.

"ఏమయ్యా, కండ్లు నెత్తికెక్కినయా? మీకేమన్న అయితె జనం వచ్చి ఎవన్ని కొడతరు? నన్ను! లారీవోన్నే కొడతరు, కారోన్ని ఎవడన్న కొడతడా?" వంగి ఎస్తేరు వైపు చూశాడు. "నువ్వన్న జెప్పొద్దా అక్కా? పక్కన గూసొని నిద్రవోతున్నవా?"

"నిద్రవోలేదన్నా" అంది ఎస్తేరు. "నేనే పొమ్మన్న."

అతను ఆమెను, సాంసన్‌ను ఒకసారి చూశాడు. "ఇద్దరికిద్దరు మంచిగ దొరికిండ్రు" అని ఉమ్మేసి, లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

ఎస్తేరు తలుపు తీసి దిగింది.

"బానెట్ తెరువు."

"ఎందుకే ఇప్పుడు? గంటెంతైంది..."

"తెరువు."

అతను లోపల మీట లాగాడు. ఆమె మూత ఎత్తింది. వేడి గాలి ముఖానికి కొట్టింది. కొబ్బరికాయంతది ఉండాల్సిన చోట అన్నం గిన్నెంతది ఉంది. దానికి మెరిసే కొత్త పైపు, లావుగా, మెడలా.

సాంసన్ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"రెండో గేరుకు దించుడు మర్చిపోయిన. దించితె ఏం గాకపోవు. సూడలేదా, ములుగు కాడ ఎట్ల వోయింది?"

"నువ్వు మర్చిపోలేదు. నేను పో అన్న, నువ్వు పోయినవ్. రెండేండ్ల సంది గట్లనే పోతున్నవ్. నా మాట ఇన్నంక గేరు సంగతి నీకు యాదికెట్లొస్తది?"

అతను ఆ కొత్త పైపు వైపు చూశాడు.

"నేను పో అన్నది చిన్నదానికి" అంది ఎస్తేరు. "నాకు నువ్వు జెప్పింది చిన్నది. నా లెక్క దానిదే. బస్సుల నలభై మంది ఉన్నరు. ఆళ్లందరి మీద నాతోని పో అనిపిచ్చినవ్."

"నిన్ను మోసం జేద్దామని గాదే..."

"మరి?"

"ఒక్క వారం నడిపి తీసేద్దామనుకున్న. నీకు తెల్వకుండనే అయిపోతుండె."

ఎస్తేరు బానెట్ మూసింది. గట్టిగా వేయలేదు, అరచేతితో నొక్కింది. ముందు సీట్లోంచి సంచి తీసుకుని, వెనుక తలుపు తెరిచి, వెనుక సీట్లో అతని వెనుకే కూర్చుంది. అక్కడినుంచి ఆమెకు అతని సీటు వెనుకభాగం తప్ప రోడ్డు కనబడదు.

"ఏందే ఇది? ముందలికి రా."

ఆమె ఫోన్ తీసి రాజీకి చేసింది. "రాజీ, గంట ఆలస్యమైతది. జర సూపరింటెండెంట్ సార్‌కు జెప్పు. పిల్లగాన్ని మీ ఆయనను దవాఖానకే తెమ్మను, నేనొచ్చి సూస్త."

నర్సంపేట దాటాక గ్రానైట్ లారీ దొరికింది. రెండు పెద్ద నల్ల బండలు, గొలుసులు కట్టి. ముప్పై ఐదు మీద పోతోంది. గూడూరు అడవి రోడ్డు అంతా మలుపులే. మొదటి ఎడమ మలుపులో సాంసన్ అలవాటుగా కారును ఎడమకు జరిపాడు. జరిపి, పక్కన ఖాళీ సీటును చూసి, మళ్లీ మధ్యకు తెచ్చాడు. రెండో మలుపులో కూడా జరిపాడు. మూడో దాంట్లో జరపలేదు.

వెనుక వచ్చిన కార్లు, బైకులు, ఆఖరికి ఒక డీసీఎం వ్యాను కూడా వాళ్లను దాటిపోయాయి. డ్యాష్‌బోర్డు మీద సాయిలు కొత్తగా పెట్టిన చిన్న గుండ్రటి మీటరు ఉంది, టర్బో ఎంత ఊదుతోందో చూపేది; పొద్దున దాన్ని చూసి ఎస్తేరు ట్యూనింగుదేననుకుంది. దాని ముల్లు ఆ దారి పొడుగునా సున్నా దగ్గరినుంచి కదల్లేదు. రెండు కార్లకు సరిపోయే బలం పెట్టుకుని ఎద్దుల బండిలా పోయారు.

"ఇప్పుడు తిన్నగ ఉన్నది రోడ్డు. పోనా?" అన్నాడు ఒకచోట.

ఆమె మాట్లాడలేదు.

అతను పోలేదు.

పావు తక్కువ పదింటికి మహబూబాబాద్ చేరారు. దవాఖాన గేటు బయట ఆపాడు. ఎస్తేరు దిగకుండానే అంది: "సాయిలుకు ఫోన్ గలుపు. నాకియ్యి."

కలిపి ఇచ్చాడు. ఆమె స్పీకర్‌లో పెట్టింది.

"అక్కా, నమస్తే! ఎట్లున్నది బండి?" అన్నాడు సాయిలు ఉత్సాహంగా.

"నీతోని చిన్నది పెట్టుమని చెప్పినం గద సాయిలూ."

"అక్కా... మల్ల తెల్లారి అన్న ఫోన్ జేసిండు. అక్క ఒప్పుకున్నది, పెద్దదే పెట్టుమన్నది అన్నడు. నాకు జర అనుమానమే అయింది, నువ్వు సెకండ్లు అడిగినవ్ గద. రెండుసార్లు అడిగిన. నిజంగనే ఒప్పుకున్నదా అన్నా అని. లేకుంటె నేను పెడుదునా?"

సాంసన్ ముందున్న గోడను చూస్తున్నాడు. గోడ మీద పోలియో చుక్కల బొమ్మ సగం రాలిపోయి ఉంది.

"ఇయ్యాల వస్తడు" అంది ఎస్తేరు. "తీసి చిన్నది పెట్టు. పెట్టినంక మూడో గేర్ల యాభై మీద నువ్వే నడిపి, ఎన్ని సెకండ్లో నాకు ఫోన్ జేసి చెప్పు. ఆయన గాదు, నువ్వు."

"షిఫ్టు ఉన్నదే నాకు" అన్నాడు సాంసన్ నెమ్మదిగా.

"లీవు పెట్టుకో" అని ఆమె దిగింది. నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చి, అతని కిటికీ దగ్గర వంగింది. "తొర్రూరు మీదికెళ్లి పో. లారీలు తక్కువుంటయ్. ఎవ్వన్ని దాటకు." అతను తల ఊపాడు. అతని కళ్లలో నీళ్లున్నాయేమోనని అనిపించింది. చూడటానికి ఆగలేదు. రాజీ వరండాలో పిల్లవాడిని ఎత్తుకుని నిలబడి ఉంది.

సాయిలు మంగళవారం సాయంత్రం ఫోన్ చేశాడు. "మూడుసార్లు సూసిన అక్కా. ఒకటి అనేలోపు. ఒక్కసారి గూడ దాటలేదు."

*

ఆ శనివారం ఇంటికి పోయినప్పుడు ఎస్తేరు బానెట్ తెరిచి చూసింది. కొబ్బరికాయంతదే ఉంది. సాంసన్ పక్కనే నిలబడి లైటు పట్టుకున్నాడు. మార్తమ్మ అరుగు మీదినుంచి "ఏం బోయిందిరా అండ్ల, ఇద్దరు గూడి లెంకుతున్నరు?" అంది. సాంసన్ లైటు ఆర్పాడు.

సోమవారం పొద్దున అతను ముందు తలుపు తెరిచి నిలబడ్డాడు. ఆమె ఎక్కింది. ములుగు దాకా మాట్లాడుకున్నవి రెండే: అద్దం ఎక్కించు, నీళ్ల సీసా ఇయ్యి.

మల్లంపల్లి దాటాక ఇసుక లారీ కాదు, పత్తి బోరాలు ఎత్తుగా వేసుకున్న లారీ దొరికింది. టేకు చెట్ల వరస వచ్చింది. సాంసన్ కారును ఎడమకు జరపాలా వద్దా అని తటపటాయించినట్టు చక్రాలు కొంచెం అటూ ఇటూ ఆడాయి. తరువాత జరిపాడు.

ఎస్తేరు అద్దానికి తల ఆనించింది. చెట్లు, కరెంటు స్తంభం, తెల్ల దిమ్మెలు. ఖాళీ. దిమ్మెల అవతల పల్లం. పోయిన వారం ఆ పల్లంలోంచి పైకి వచ్చిన ఎర్ర నెత్తి ఆమె కళ్ల ముందు ఉంది. ఆమె ఇంకా చూసింది. ఆమె నోరు తెరిచేలోపు మలుపు అయిపోయింది. లారీ వెనుకే మోరీ దాటారు. పల్లంలో ఏ బండీ లేదు.

సాంసన్ ఏమీ అడగలేదు.

నర్సంపేటకు ముందు ఇంకో ఎడమ మలుపు ఉంది. పొడుగాటిది, చుట్టూ మిరప చేలు, అడ్డం ఏదీ ఉండదు. అతను మళ్లీ జరిపాడు. ఆమె చూసింది. మలుపు చివరిదాకా, ఆ తరువాత ఊరి మొదటి ఇళ్ల దాకా కనబడుతోంది. పిట్ట కూడా లేదు. చేతిలోని సంచి పట్టీని గట్టిగా పట్టుకుని అంది:

"పో."

కారు ముందుకు దూకలేదు. ఆమె కళ్లు గడియారం మీద పడ్డాయి. సాంసన్ కారును కుడికి కొంచెంగా జరిపి, తల బయటికి పెట్టినంత పని చేసి, ముందుకు తనే చూశాడు. అద్దంలో వెనుకకు చూశాడు. మళ్లీ ముందుకు చూశాడు. అప్పుడు తొక్కాడు. తొక్కగానే, ఒకటి అనేలోపే, వీపు సీటుకు అతుక్కుంది. పత్తి బోరాల లారీ కిటికీ పక్కనుంచి జారి వెనక్కి పోయింది.

సాయిలు చెప్పింది నిజమే. టర్బో ఆలస్యం చేయలేదు.

ఆమె "పో" అన్నప్పటినుంచి అతను తొక్కేదాకా మాత్రం మూడు సెకండ్లు పట్టింది. ఆమె లెక్కపెట్టింది. ఇకనుంచి ఎంత రోడ్డు ఖాళీగా కనబడితే "పో" అనాలో, ఆ మూడింటిని కూడా కలుపుకుని చూడటం మొదలుపెట్టింది.